ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్తే: గుమ్మం దగ్గర నుంచి హైకోర్టు దాకా ఏ క్రమంలో ఏం చేయాలి

“మా తమ్ముణ్ణి నిన్న సాయంత్రం స్టేషన్‌కు తీసుకెళ్లారు. మాట్లాడి పంపిస్తామన్నారు, ఇంకా పంపలేదు. ఇప్పుడేం చేయాలి?” ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. చాలాసార్లు అది రావలసిన సమయానికి ఒక రోజు ఆలస్యంగా వస్తోంది. అందుకే చేయవలసిన పనులను అవి చేయవలసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

పోలీసుల అధికారానికి చట్టం పెట్టిన హద్దుల్లో ఎక్కువ భాగం గంటలతోనూ కాగితాలతోనూ ముడిపడి ఉన్నాయి. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, కారణం రాసి ఇచ్చారా, ఎవరికి తెలియజేశారు, ఎప్పుడు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టారు అనే నాలుగు ప్రశ్నలకు రుజువుతో సమాధానం చెప్పగలిగిన కుటుంబానికి కోర్టులో బలం ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసంలోని ప్రతి మెట్టులోనూ సమయం రాసుకోమని చెబుతుంటాను, విసుగు అనుకోవద్దు.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, అమలులో ఉంది. ఇక్కడ ఇచ్చిన సెక్షన్ నంబర్లు దానివే. ఇది వకీలుకు ప్రత్యామ్నాయం కాదు. వకీలు దొరికేలోపు, దొరికిన తరువాత ఆయనకు అందించడానికి మీరు చేయగలిగిన పని ఇది.

1. ముందే సిద్ధం చేసుకోవలసినవి

ఉద్యమాల్లో, సంఘాల్లో, విలేకరి వృత్తిలో ఉన్నవారికీ, ఇప్పటికే ఏదో ఒక కేసులో పేరు ఉన్నవారికీ ఇది మరీ అవసరం. ఫోన్లో దాచుకుంటే సరిపోదు, ఎందుకంటే మొదట చేతిలోంచి పోయేది ఫోనే. ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇద్దరికి తెలిసిన చోట ఉంచండి.

☐ ఇద్దరు వకీళ్ల ఫోన్ నంబర్లు (ఒకరు ఊళ్లో లేకపోవచ్చు)
☐ ఉచిత న్యాయ సహాయానికి 15100
☐ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం నంబరు
☐ జిల్లా ఎస్పీ లేదా పోలీసు కమిషనర్ కార్యాలయ ఈమెయిల్, కంట్రోల్ రూమ్ నంబరు
☐ వయసు ధ్రువీకరణ, గుర్తింపు కార్డు నకళ్లు
☐ రోజూ వేసుకునే మందుల చీటీ, పాత వైద్య నివేదికలు

2. గుమ్మం దగ్గర: ఏ హోదాలో పిలుస్తున్నారో తేల్చుకోండి

“విచారణకు రండి” అనే మాటకు చట్టంలో ఒకే అర్థం లేదు. మీ హక్కులన్నీ దాని అర్థం మీదే ఆధారపడి ఉంటాయి కనుక మర్యాదగా, గొంతు పెంచకుండా, ఈ ఒక్క ప్రశ్న అడగండి: “సార్, ఇది సాక్షిగా పిలవడమా, నిందితుడిగా నోటీసా, అరెస్టా?”

సాక్షిగా అయితే 179వ సెక్షన్ కింద రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి. 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు పైబడిన పురుషులను, ఏ వయసు స్త్రీలనైనా, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని తాము నివసించే చోటు వదిలి రమ్మని బలవంతం చేయకూడదు, పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి. “అమ్మా, ఒక్క సంతకం పెట్టి వెళ్దువుగాని” అంటూ ఆడవాళ్లను స్టేషన్‌కు పిలవడం ఎంత మామూలైపోయిందో చెప్పనక్కరలేదు గానీ, చట్టం దానికి ఒప్పుకోదు.

నిందితుడిగా నోటీసు అంటే 35(3) సెక్షన్ నోటీసు. పాత సీఆర్‌పీసీ నంబరుతో జనం నోట ఇప్పటికీ అది 41ఎ నోటీసే. అరెస్టు అవసరం లేదనుకున్న కేసులో, ఫలానా రోజు హాజరుకమ్మని చెప్పేది ఇది. దాని ప్రకారం హాజరవుతున్నంత కాలం, అరెస్టు తప్పదని కారణాలు రాసి చూపితే తప్ప అరెస్టు చేయకూడదు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా వాట్సాప్‌లో వచ్చిందని పట్టించుకోకుండా ఊరుకోవద్దు, వకీలు ద్వారా రాతపూర్వకంగా జవాబివ్వండి.

అరెస్టు అయితే, ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరాల్లో “ఆరోపణ ఉంది కాబట్టి తీసుకెళ్తున్నాం” అంటే కుదరదు. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాసి పెట్టాలి. రాసిన కారణాలను మేజిస్ట్రేట్ పరిశీలించకుండా రిమాండ్ (కస్టడీలో ఉంచే ఉత్తర్వు) ఇవ్వకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నాలుగోది ముందస్తు అరెస్టు. సభకో ధర్నాకో ముందురోజు రాత్రి కార్యకర్తలను తీసుకెళ్లేది సాధారణంగా 170వ సెక్షన్ కింద. వేరే చట్టం అనుమతిస్తే తప్ప దానికీ 24 గంటలే గడువు. ఇక గుమ్మం ముందు ఇద్దరు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి “హౌస్ అరెస్ట్” అంటుంటారు, ఆ పేరుతో బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ ఏదీ లేదు. ఉత్తర్వు చూపమని అడగండి. లేదంటే ఆ మాట చెప్పిన అధికారి పేరు, సమయం రాసుకోండి.

తహసీల్దార్ ముందు బైండోవర్ చేయడానికి, అంటే శాంతిగా ఉంటానని పూచీకత్తు రాయించడానికి, పిలిచినా, ఏ సమాచారం ఆధారంగా, ఎంత మొత్తానికి, ఎంత కాలానికి పూచీకత్తు అడుగుతున్నారో రాసిన ఉత్తర్వు ముందుగా మీ చేతికి రావాలి. చదవకుండా సంతకం పెట్టవద్దు.

3. అరెస్టు జరుగుతున్నప్పుడు చూడవలసినవి

అడ్డుపడటం, తోయడం, వాహనం ముందు పడుకోవడం వద్దు. విధులకు ఆటంకం కలిగించారని ఇంకో కేసు తోడవుతుంది, అసలు కేసు కంటే అదే బరువైపోయిన సందర్భాలున్నాయి. చూడండి, అడగండి, రాసుకోండి.

☐ వచ్చిన అధికారి పేరు స్పష్టంగా కనిపించే బ్యాడ్జీ ఉందా
☐ అరెస్టు మెమో రాశారా, అందులో తేదీ, సమయం ఉన్నాయా
☐ కుటుంబ సభ్యుడో, ఆ వీధిలో గౌరవనీయుడైన వ్యక్తో సాక్షిగా సంతకం చేశారా
☐ అరెస్టయిన వ్యక్తి సంతకం ఉందా
☐ వాహనం నంబరు, రంగు, ఏ స్టేషన్‌కు తీసుకెళ్తున్నారో చెప్పిన మాట
☐ ఆ సమయంలో అక్కడున్న ఇరుగుపొరుగువారి పేర్లు

మెమోలో సాక్షి సంతకం పెట్టమంటే కొందరు భయపడి తప్పుకుంటారు. అది సరికాదు. అరెస్టు ఎన్ని గంటలకు జరిగిందో తేల్చే మొదటి కాగితం అదే. రాసిన సమయం సరైనదైతే సంతకం పెట్టండి, తప్పయితే సంతకం పక్కనే సరైన సమయం వేయండి.

సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితిలో చేయవలసి వస్తే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి, మొదటి తరగతి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలి. మూడేళ్ల లోపు శిక్ష ఉండే నేరంలో 60 ఏళ్లు దాటినవారిని, అశక్తులను డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. 18 ఏళ్లు నిండని పిల్లలను లాకప్‌లో పెట్టనే కూడదు, 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్లాలి. పిల్లవాడి వయసు రుజువు మొదటి గంటలోనే స్టేషన్‌కు చేర్చండి, పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి.

ఇల్లు సోదా చేస్తే 105వ సెక్షన్ ప్రకారం వీడియో తీయవలసిన బాధ్యత పోలీసులదే. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా అడిగి తీసుకోండి. ఖాళీ పంచనామా మీద సంతకం పెట్టవద్దు.

4. మొదటి మూడు గంటలు: స్టేషన్, వకీలు, ఈమెయిల్

ఈ మూడు గంటలను పెద్దమనుషుల చుట్టూ, నాయకుల ఇళ్ల చుట్టూ తిరగడానికి ఖర్చు పెట్టేవారే ఎక్కువ. సిఫార్సు చేయించుకోవద్దని నేను అనను, మన ఊళ్లు ఎలా నడుస్తాయో నాకూ తెలుసు. కానీ ఆ పని ఒకరు చూస్తుండగా ఈ పని ఇంకొకరు చేయాలి. పెద్దమనిషి “పొద్దున పంపిస్తారులే” అని చెప్పిన మాట కోర్టులో రుజువు కాదు.

ముందుగా వకీలుకు ఫోన్ చేయండి. స్తోమత లేకపోతే 15100కు చేయండి. కస్టడీలో ఉన్నవారందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది.

తరువాత ఇద్దరు స్టేషన్‌కు వెళ్లండి, ఒంటరిగా వద్దు, గుంపుగా అసలే వద్దు. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, నేరం వివరాలు ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ కనిపించేలా ప్రదర్శించాలి. ఆ సమాచారానికి ఏఎస్‌ఐ స్థాయికి తగ్గని అధికారి ఒకరు బాధ్యుడిగా ఉండాలి. ఆ అధికారి ఎవరని రైటర్‌ను (స్టేషన్‌లో రాతపని చూసే పోలీసును) అడగండి. “మా దగ్గర లేడు” అంటే ఆ మాట ఎవరు, ఎన్ని గంటలకు అన్నారో రాసుకోండి.

అక్కడి నుంచే జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు ఈమెయిల్ పంపండి, దాని ప్రతిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, మీ వకీలుకు పంపండి. మర్నాడు అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో కూడా వేయండి. భాష సాదాగా ఉండాలి, ఆరోపణలు వద్దు. నమూనా ఇది:

“అయ్యా, ఈ రోజు (తేదీ) సాయంత్రం (సమయం) గంటలకు (చిరునామా)లోని మా ఇంటి నుంచి నా తమ్ముడు (పేరు, వయసు)ను యూనిఫాంలో ఉన్న ఇద్దరు, మామూలు దుస్తుల్లో ఉన్న ఒకరు (వాహనం నంబరు) వాహనంలో తీసుకెళ్లారు. అరెస్టు మెమో గానీ, కారణాల ప్రతి గానీ మాకు ఇవ్వలేదు. (సమయం) గంటలకు (స్టేషన్ పేరు)కు వెళ్లి అడగగా (చెప్పిన సమాధానం) అని చెప్పారు. అతను ఎక్కడ, ఏ కేసులో ఉన్నాడో తెలియజేయాలనీ, వకీలును కలవనివ్వాలనీ, అతను రోజూ వేసుకునే (మందు పేరు) అందేలా చూడాలనీ, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలనీ కోరుతున్నాను.”

ఈ ఒక్క ఈమెయిల్ తరువాతి ప్రతి దశలోనూ అక్కరకొస్తుంది. రిమాండ్ రిపోర్టులో “ఈ రోజు ఉదయం 10 గంటలకు బస్టాండ్ దగ్గర అదుపులోకి తీసుకున్నాం” అని రాసి ఉంటే, నిన్న రాత్రి 9 గంటలకే మీరు ఎస్పీకి పంపిన ఈమెయిల్ దాన్ని నిలదీస్తుంది.

కేసు నమోదైందో లేదో పోలీసు వెబ్‌సైటులో చూడండి. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది.

5. లోపల ఉన్న మనిషికి తెలియవలసినవి

వీటిని ఇంట్లో అందరూ ఒకసారి చదువుకుని ఉండటం మంచిది, ఎందుకంటే లోపలికి వెళ్లాక చెప్పేవారు ఉండరు.

పేరు, చిరునామా దాచవద్దు. అబద్ధం చెప్పవద్దు. కానీ తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణ చెబుతోంది. “ఈ ప్రశ్నకు మా వకీలుతో మాట్లాడాక జవాబు చెబుతాను” అనే ఒక్క వాక్యం చాలు. విచారణ సాగుతుండగా మధ్యలో తనకు నచ్చిన వకీలును కలిసే హక్కు 38వ సెక్షన్ ఇస్తుంది, అయితే విచారణ పొడుగునా వకీలు పక్కనే కూర్చునే హక్కు మాత్రం కాదు.

పోలీసులు దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం కింద చెప్పినవారి సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెబుతోంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాననే మాట సాక్ష్యంగా చెల్లదు, కానీ ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతమేరకు చెల్లుతుంది. నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు ఇష్టం లేకుండా చేయరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

అరెస్టు కారణాలు చేతికి ఇవ్వమని అడగాలి. ఏ చట్టం కింది నేరమైనా కారణాలను రాతపూర్వకంగా, ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ, వెంటనే వీలుకాని పరిస్థితిలో నోటితో చెప్పినా రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చింది. ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషు కాగితం ఇస్తే “నాకు ఈ భాష రాదు” అని తెలుగులో రాసి సంతకం పెట్టమనండి.

అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష జరగాలి. డాక్టర్ ముందు దెబ్బలు దాచవద్దు, ఎక్కడ, ఎప్పుడు తగిలాయో చెప్పాలి. ఆ నివేదిక ప్రతి అరెస్టయిన వ్యక్తికి గానీ, ఆయన చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలి.

6. మేజిస్ట్రేట్ ముందు

ఇరవై నాలుగు గంటల గడువును రాజ్యాంగం 22(2) అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ 58వ సెక్షన్ రెండూ చెబుతున్నాయి. ప్రయాణ సమయం మాత్రమే మినహాయింపు. ఆదివారాలు, పండుగలు మినహాయింపు కాదు, కోర్టు లేని రోజు మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపరుస్తారు. అందుకే సెలవు రోజున వకీలును కోర్టు గేటు దగ్గర నిలబెట్టి మోసపోవద్దు, ఆ రోజు బాధ్యతలో ఉన్న మేజిస్ట్రేట్ ఎవరో ముందే కనుక్కోండి.

ఎక్కువ కుటుంబాలు తడబడేది ఈ పది నిమిషాల్లోనే. మేజిస్ట్రేట్ “ఏమైనా చెప్పుకోవాలా?” అని అడిగినప్పుడు నిందితుడు పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూసి “ఏమీ లేదండీ” అంటాడు. ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది, ఆరు నెలల తరువాత కొట్టారని చెబితే “ఆ రోజే ఎందుకు చెప్పలేదు?” అనే ప్రశ్న ఎదురవుతుంది. వకీలు చెప్పవలసినవి ఇవి:

☐ నిజంగా అదుపులోకి తీసుకున్న సమయం, దానికి రుజువుగా ఈమెయిల్ ప్రతి
☐ కారణాలు రాసి ఇచ్చారా, ఎప్పుడు, ఏ భాషలో
☐ కుటుంబానికి తెలియజేశారా
☐ దెబ్బలు, ఆరోగ్యం, మందులు
☐ ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరమైతే, అరెస్టు అవసరమని పోలీసులు రాసిన కారణాలు ఏమిటి

పోలీసుల లెక్క “అరెస్టు చూపించిన” సమయం నుంచి మొదలవుతుంది. స్వేచ్ఛగా వెళ్లిపోవడానికి వీలు లేకుండా చేసిన క్షణం నుంచే అరెస్టు మొదలైనట్టని బాంబే హైకోర్టు 1990లోనే చెప్పింది. పై మెట్లలో సమయం రాసుకోమని అంతగా చెప్పింది ఈ వాదన కోసమే.

బెయిలబుల్ నేరమైతే జామీను (బెయిల్) హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. నాన్‌ బెయిలబుల్ అయితే రిమాండ్ మొదలైన తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే జామీను హక్కుగా వస్తుంది, కానీ దరఖాస్తు పెట్టుకోవాలి. చార్జిషీటు దాఖలయ్యాక పెట్టిన దరఖాస్తుతో ఆ హక్కు దక్కదు.

7. గంటలు దాటుతున్నా మనిషి జాడ లేకపోతే

24 గంటలు నిండేవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 18వ గంటకల్లా వకీలు చేతిలో కాగితాలన్నీ ఉండాలి.

ఒక దారి 100వ సెక్షన్. అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తెమ్మని జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా మొదటి తరగతి మేజిస్ట్రేట్ సెర్చ్ వారెంట్ ఇవ్వగలరు. హైకోర్టుకు దూరంగా ఉన్న ఊళ్లలో ఇది దగ్గర దారి.

రెండోది రాజ్యాంగం 226 అధికరణ కింద హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్. అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో గానీ, హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టులో గానీ వేయాలి. నిర్బంధంలో ఉన్న మనిషే వేయనక్కరలేదు, భార్య, తండ్రి, మిత్రుడు ఎవరైనా వేయవచ్చు. అత్యవసరమైతే లంచ్ మోషన్ కింద అదే రోజు, సెలవు రోజుల్లో హౌస్ మోషన్ కింద న్యాయమూర్తి ఇంటి దగ్గర విచారించమని వకీలు కోరవచ్చు.

అఫిడవిట్‌లో ఉండవలసింది ఆవేశం కాదు, తేదీల పట్టిక. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎవరిని అడిగాం, ఏమన్నారు, ఏ ఈమెయిల్ ఎప్పుడు వెళ్లింది. మేజిస్ట్రేట్ రిమాండ్ ఇచ్చేశాక హెబియస్ కార్పస్ సాధారణంగా నిలవదు, అప్పటి దారి జామీనే అవుతుంది. కనుక ఈ పిటిషన్‌కు ఆలస్యమే పెద్ద శత్రువు.

8. పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) ప్రయోగిస్తే

ఇది వేరే లోకం. 1986 నాటి ఈ నిర్బంధ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. నేరం రుజువు కాకుండానే 12 నెలల వరకు లోపల ఉంచవచ్చు, 24 గంటల నియమం వర్తించదు. అయినా హద్దులు ఉన్నాయి.

☐ నిర్బంధ కారణాలు ఐదు రోజుల్లోగా చేతికి రావాలి, తెలిసిన భాషలో ఉండాలి
☐ కింది అధికారి ఇచ్చిన ఉత్తర్వును ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి
☐ మూడు వారాల్లో, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా మండలికి నివేదించాలి
☐ ప్రభుత్వానికి విన్నపం పెట్టుకునే హక్కు ఉంది

విన్నపాన్ని మొదటి వారంలోనే పంపండి, దాన్ని పరిశీలించడంలో జాప్యం కూడా నిర్బంధాన్ని రద్దు చేయించే కారణం కాగలదు. పైగా మామూలు శాంతిభద్రతల సమస్యకూ, సమాజం మొత్తాన్ని కుదిపే ప్రజా భద్రతా సమస్యకూ తేడా చూడకుండా ఈ చట్టాన్ని వాడుతున్నారని 2023 సెప్టెంబరులోనూ, 2024 మార్చిలోనూ తెలంగాణ కేసుల్లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఒక దొంగతనం కేసు మీద పీడీ పెట్టారంటే మీ వకీలు మొదట తెరవవలసిన తీర్పులు అవే.

9. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే తీరు

వీడియోను వాట్సాప్‌లో పంపేసి ఫోన్లోంచి తుడిచేయడం. కోర్టుకు కావలసింది అసలు ఫైలు, దానితో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం. తుడిచేశారా, ఫోన్ వాడకం ఆపి వకీలుకు చెప్పండి.

తెల్లకాగితం మీద సంతకం పెట్టి రావడం. పెట్టేసి ఉంటే అదే రోజు ఎస్పీకి ఈమెయిల్ రాయండి, ఏ పరిస్థితిలో పెట్టించారో తేదీతో సహా. నెల తరువాత రాస్తే ఎవరూ నమ్మరు.

విడుదల కాగానే అన్నీ మరిచిపోవడం. దెబ్బలు తగిలి ఉంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని రికార్డు తీసుకోండి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఏడాదిలోపు వెళ్లాలి. జాతీయ కమిషన్‌కు, రాష్ట్ర కమిషన్‌కు ఒకేసారి పంపితే రెండింటిలో ఒకటి పక్కన పెట్టేస్తుంది, ఒకదాన్నే ఎంచుకోండి.

స్టేషన్ కెమెరాల సంగతి పట్టించుకోకపోవడం. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలనీ, దృశ్యాలను 18 నెలలు, ఎంత తక్కువన్నా ఏడాది భద్రపరచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్య దృశ్యాలను చెరిపివేయవద్దని మొదటి వారంలోనే రాసి ఇవ్వండి. మనిషి ఇంకా లోపలే ఉంటే సమాచార హక్కు చట్టం 7(1) సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు పైభాగంలో “స్వేచ్ఛకు సంబంధించినది, 48 గంటల గడువు” అని పెద్ద అక్షరాలతో రాయండి, లేకపోతే అది 30 రోజుల కట్టలోకి వెళ్లిపోతుంది.